గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో గేమ్ ఆడించేది ర్యామే

భీమవరం, అమలాపురం, తణుకు, ఏ ఊళ్లో కంప్యూటర్ షాపుకెళ్లి అడిగినా సరే, "చదువుకి కావాలండి, కాస్త గేమ్స్ కూడా ఆడుకుంటాడు, ముప్పై అయిదు వేలు దాటకూడదు" అంటే చేతికొచ్చే కొటేషన్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పేరున్న ప్రాసెసర్ ఒకటి, అన్నిటికన్నా చవక బోర్డు (అన్నీ బిగించే మదర్‌బోర్డు), 8 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు డేటా పెట్టుకునే మెమరీ) ఒక్కటే స్టిక్, ఓ ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్‌తో పాటే వచ్చే ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. గేమ్‌లో బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండదు, ఆ డబ్బుల్లో పట్టదు కూడా. "ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉందండి, ఆడేస్తది" అంటారు, అది అబద్ధమేం కాదు. కానీ ఇంటికి తెచ్చి జీటీఏ 5 వేశాక అది ఆగి ఆగి ఈడుస్తుంటే తప్పు ప్రాసెసర్ మీదకి పోద్ది, ఇంకో అయిదు వేలు పెట్టి పై మోడల్ తీసుకోవాల్సింది అనుకుంటారు. ఆ అయిదు వేలు పెట్టినా పెద్ద తేడా ఉండేది కాదు, ఎందుకంటే అక్కడ వెనక్కి లాగుతున్నది ప్రాసెసర్ కాదు, ఆ ఒక్క ర్యామ్ స్టిక్.

ముందు పేర్ల సంగతి తేల్చేయాలి, ఇక్కడ తప్పు పడితే మిగతా లెక్కలన్నీ దండగ. ఇంటెల్‌లో నంబర్ చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు. ఐ3-12100 వేరు, ఐ3-12100ఎఫ్ వేరు, రెండోది కాస్త చవక కాబట్టి ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి టక్కున ఆర్డర్ పెట్టేస్తారు, తెచ్చి బిగిస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. బోర్డుకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా అంటే, పోర్టు ఉంటే సరిపోదు, దాంట్లోకి బొమ్మ పంపేది ప్రాసెసర్‌లోనే ఉండాలి. ఏఎండీ పాత ఏఎమ్4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) వాటిలో సంగతి తిరగబడి ఉంటుంది, అక్కడ చివర జీ గానీ జీటీ గానీ ఉంటేనే గ్రాఫిక్స్ ఉన్నట్టు. రైజెన్ 5 5500, 5600, 5600ఎక్స్, వీటిలో ఏదీ కార్డు లేకుండా పనికి రాదు. 5600జీ, 5700జీ, 2024 జనవరిలో వచ్చిన 5500జీటీ, 5600జీటీ, ఇవి పనికొస్తాయి. కొత్త ఏఎమ్5 బోర్డుల మీదకి వచ్చే 7600 లాంటి వాటిలో గ్రాఫిక్స్ ఉంటుంది గానీ అది రెండే కంప్యూట్ యూనిట్లది (బొమ్మ లెక్కలు చేసే భాగాలు), డెస్క్‌టాప్ కనపడ్డానికి, యూట్యూబ్ చూడ్డానికి పెట్టింది, గేమ్‌లకని కాదు. కాబట్టి స్పెసిఫికేషన్‌లో "ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్: ఉంది" అన్న ఒక్క మాట చూసి కొనేయడం కూడా ప్రమాదమే.

ఇక అసలు విషయం. విడిగా కొనే గ్రాఫిక్స్ కార్డుకి దాని సొంత మెమరీ దాని మీదే ఉంటుంది, అది మామూలు ర్యామ్ కన్నా చాలా స్పీడు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 ఈ రోజుల్లో పెద్ద కార్డేమీ కాదు, అయినా దాని జీడీడీఆర్5 మెమరీ సెకనుకి 128 జీబీ డేటా అందిస్తుంది. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కి సొంతంగా ఏమీ లేదు, బోర్డు మీద పెట్టిన ర్యామ్‌నే వాడుకోవాలి, అది కూడా ప్రాసెసర్ వాడుకోగా మిగిలింది. డీడీఆర్4 3200 స్టిక్ ఒకటి పెడితే లెక్క ఇలా వస్తుంది: ఒక్కో ఛానల్ (ర్యామ్ నుంచి డేటా వచ్చే దారి) వెడల్పు 64 బిట్లు, అంటే ఎనిమిది బైట్లు, దాన్ని సెకనుకి 3200 మిలియన్ సార్లతో హెచ్చవేస్తే 25.6 జీబీ. రెండు స్టిక్‌లు రెండు ఛానళ్లలో పెడితే 51.2 జీబీ. అదే ర్యామ్, అదే 16 జీబీ, ఒకే స్టిక్‌గా కొంటే సగం దారి మూసేసినట్టు. గోదాట్లో నీళ్లు ఎన్ని ఉన్నా పంటకాలవ తూము ఎంతుంటే చేలోకి అంతే వస్తాయి కదా, ఇక్కడా అంతే, లోపల గ్రాఫిక్స్ ఎంత పెద్దదైనా డేటా ఆ తూములోంచే రావాలి.

దీనికి పక్కా రుజువు కావాలంటే జీటీ 1030 అనే చిన్న కార్డు సంగతి చూడొచ్చు. 2017లో వచ్చినప్పుడు దానికి జీడీడీఆర్5 మెమరీ, సెకనుకి 48 జీబీ. మరుసటి ఏడాది అదే పేరుతో, అదే చిప్‌తో, డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకోటి దింపారు, దానికి సెకనుకి 16.8 జీబీ. చిప్ మారలేదు, స్పీడు కాస్తే తగ్గించారు, మెమరీ మాత్రం మారిపోయింది, చాలా గేమ్‌ల్లో ఫ్రేములు, అంటే సెకనుకి తెర మీద మారే బొమ్మలు, సగానికి పడిపోయాయి. పేరు ఒకటే కావడంతో తెలియక కొన్నోళ్లు ఎందరో. ఒక్క స్టిక్‌తో నడిచే 5600జీ పరిస్థితి కూడా ఆ డీడీఆర్4 కార్డు లాంటిదే, బయటికి పేరు మాత్రం గొప్పగా ఉంటుంది.

దీన్ని ఇంకాస్త సాగదీసి చూస్తే ప్రాసెసర్ మోడళ్ల మధ్య తేడా ఎంత తక్కువో అర్థమవుద్ది. 2019లో వచ్చిన రైజెన్ 3 3200జీలో వేగా 8 అనే గ్రాఫిక్స్, అంటే ఎనిమిది యూనిట్లు, 1250 మెగాహెర్ట్జ్‌. 2021 ఆగస్టులో వచ్చిన రైజెన్ 5 5600జీలో వేగా 7, యూనిట్ ఒకటి తక్కువే, కానీ 1900 మెగాహెర్ట్జ్‌ దగ్గర పరిగెడుతుంది. కాగితం మీద లెక్కేస్తే మొదటిది 1.28 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకి లక్ష కోట్ల లెక్కలు), రెండోది 1.70. నంబర్ 8 కన్నా 7 చిన్నది కాబట్టి పాతదే మంచిది అనుకునేవాళ్లు ఉంటారు, అది తప్పు. ఇక రైజెన్ 7 5700జీలో వేగా 8, 2000 మెగాహెర్ట్జ్, లెక్కకి 2.05 టెరాఫ్లాప్స్, అంటే 5600జీ మీద అయిదో వంతు ఎక్కువ. గేమ్‌లో ఆ అయిదో వంతు కనపడదు. ఎందుకంటే రెండిటికీ వెనక ఉన్నది అదే 51.2 జీబీ. విడుదలప్పుడు 5600జీ రేటు 259 డాలర్లు, 5700జీ 359 డాలర్లు, ఆ వంద డాలర్ల తేడా ఎనిమిది కోర్లకి (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) ఇచ్చినట్టు, వీడియో ఎడిటింగ్ చేసేవాడికి అది ఉపయోగం, గేమ్‌ల కోసం కొనేవాడికి శుద్ధ దండగ. షాపులో "రైజెన్ 7 ఇస్తున్నాం సార్" అని ఒకే స్టిక్ పెట్టి ఇచ్చే దానికన్నా రైజెన్ 5 పెట్టి రెండు స్టిక్‌లు ఇచ్చే బిల్లు ఎప్పుడైనా మేలు.

ర్యామ్ విషయంలో రెండు స్టిక్‌లు కొంటే పని అయిపోయిందనుకోకూడదు, ఎక్కడ పెట్టారన్నది కూడా చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు పక్కపక్కనే గుచ్చేస్తే రెండూ ఒకే ఛానల్‌లోకి పోతాయి, డబ్బులు పెట్టి కూడా సగం స్పీడే. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది, ఇవీ సరైన స్లాట్లు చాలా బోర్డుల్లో, బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఏ2, బీ2 అని రాసి కూడా ఉంటుంది. చవక ఏ520, హెచ్610 బోర్డుల్లో అసలు రెండే స్లాట్లు ఉంటాయి కాబట్టి అక్కడ తప్పు చేయడానికి ఛాన్సే లేదు, ఒకరకంగా మేలే. తర్వాతది బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ స్పీడు సెట్టింగ్ ఆన్ చేయడం, కొన్ని ఏఎండీ బోర్డుల్లో దీన్నే డీఓసీపీ అంటారు. 3200 అని బాక్సు మీద రాసున్న స్టిక్ చాలాసార్లు పెట్టగానే 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది, ఆ ఒక్క సెట్టింగ్ మార్చి సేవ్ చేస్తే గానీ కొన్న స్పీడు రాదు, అసెంబుల్ చేసే కుర్రాడు హడావుడిలో ఇది వదిలేయడం మామూలే, ఏళ్ల తరబడి అలాగే వాడేసేవాళ్లు కూడా ఉంటారు.

ఎంత ర్యామ్ అంటే 16 జీబీ, అంటే రెండు ఎనిమిదులు. 8 జీబీ ఎందుకు చాలదంటే, గ్రాఫిక్స్ కోసం బోర్డు అందులోంచి కొంత ముందే పక్కన పెట్టేస్తుంది, కొన్ని బోర్డుల్లో 2 జీబీ దాకా, అప్పుడు విండోస్‌కి కనపడేది ఆరు లోపే, విండోస్, క్రోమ్ తినగా గేమ్‌కి మిగిలేది ఏముంది. బయోస్‌లో ఈ పక్కన పెట్టే మెమరీని 4 జీబీ, 8 జీబీ చేసుకుంటే ఫ్రేములు పెరుగుతాయని వీడియోల్లో చెప్తుంటారు, మామూలుగా అలా ఏం జరగదు, కావాల్సినప్పుడు గ్రాఫిక్స్ మిగతా ర్యామ్‌ని ఎలాగూ వాడుకుంటుంది. ఏదో గేమ్ "వీర్యామ్ (గ్రాఫిక్స్ మెమరీ) చాలదు" అని మొరాయిస్తే అప్పుడు పెంచుకోవచ్చు గానీ లేకపోతే దాన్ని ఆటో సెట్టింగ్‌లో వదిలేయడమే నయం.

ఇక్కడో చిక్కు వచ్చి పడింది. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా ఎగబాకాయి, ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్‌లన్నీ తరలిపోతుండటంతో. డీడీఆర్5 మరీ ఎక్కువ, డీడీఆర్4 కూడా తప్పించుకోలేదు. దాంతో ఒకప్పుడు కళ్లు మూసుకుని చెప్పే సలహా ఇప్పుడు బిల్లు చూసుకుని చెప్పాల్సి వస్తోంది. అయినా క్రమం మారదు: డబ్బులు చాలకపోతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగాలి, స్టిక్‌ల సంఖ్యలో కాదు. 5600జీ బదులు 5500జీటీయో, దొరికితే 4600జీయో తీసుకోవచ్చు, అదీ ఆరు కోర్లు, వేగా 7, 1900 మెగాహెర్ట్జ్‌, ప్రాసెసర్ కోర్లు మాత్రం ఒక తరం పాతవి. మరీ కుదరకపోతే రెండు 4 జీబీ స్టిక్‌లు కాదు, ఒక 8 జీబీ స్టిక్ పెట్టుకుని, రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకుని, సంక్రాంతికో దసరాకో అలాంటిదే ఇంకోటి వేసుకోవడం. మధ్యలో ఆ నాలుగు నెలలు గేమ్‌లు నీరసంగా నడుస్తాయి, తెలిసి ఒప్పుకుంటే ఇబ్బంది లేదు.

ఇంటెల్ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఐ3-12100 నాలుగు కోర్ల ప్రాసెసరే అయినా మామూలు పనులకి చాలా చురుకైనది, అందులో ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ మాత్రం వేగా 7 ముందు నిలబడదు, కాగితం లెక్కలో మూడో వంతు. 12400లో ఉన్నదీ అదే 730. కాబట్టి ఇప్పుడే, ఈ సిస్టమ్ మీదే, కార్డు లేకుండా గేమ్‌లు ఆడాలంటే ఇంటెల్ కాదు. ఆరు నెలల్లో ఖచ్చితంగా కార్డు వేస్తారు, అప్పటిదాకా చదువుకి నడిస్తే చాలు అంటే మాత్రం 12100 మంచి ఎంపిక, ఎందుకంటే అప్పుడు లోపలి గ్రాఫిక్స్ ఎలాగూ పక్కకి పోద్ది. ఆ "ఖచ్చితంగా" అన్న మాట ఎంత నిజమో ఇంట్లో వాళ్లకే తెలియాలి, ఎక్కువ ఇళ్లలో ఆ కార్డు ఎప్పటికీ రాదు.

ఏఎమ్5 వైపు చూస్తే 2024 జనవరి ఆఖర్లో వచ్చిన 8000జీ సిరీస్ ఉంది. 8600జీలో రేడియాన్ 760ఎమ్, ఎనిమిది యూనిట్లు, 8700జీలో 780ఎమ్, పన్నెండు. ఇవి నిజంగానే వేగా తరం కన్నా బాగా ముందున్నాయి, కారణం మళ్లీ కొంతవరకు ర్యామే, డీడీఆర్5 5600 రెండు స్టిక్‌లకి 89.6 జీబీ. కానీ డీడీఆర్5, ఏఎమ్5 బోర్డు, ప్రాసెసర్ మూడూ కలిపితే బిల్లు బడ్జెట్ అన్న మాటని దాటిపోద్ది, ఆ డబ్బుల్లో మామూలు ప్రాసెసర్‌తో పాటు చిన్న కార్డు ఒకటి వచ్చేస్తుంది, ఆ కార్డే ఎక్కువ ఫ్రేములు ఇస్తుంది. 8700జీ ఎవరికంటే, చిన్న డబ్బా లాంటి సిస్టమ్ కావాలి, కార్డు పెట్టే చోటే లేదు అనేవాళ్లకి. 8500జీ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. పేరు చూస్తే 8600జీకి ఒక మెట్టే కింద అనిపిస్తుంది, లోపల 740ఎమ్, నాలుగే యూనిట్లు, సగం. పైగా రేపు కార్డు పెడదామంటే దానికి వదిలిన పీసీఐఈ లేన్లు (కార్డుకి డేటా వెళ్లే దారులు) నాలుగే. ఒక్కటి ఏఎమ్5 వైపు చెప్పుకోవాలి, ఆ సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది, ఏఎమ్4కి ఇక పెద్దగా వచ్చేదేమీ లేదు.

మరి 5600జీ, రెండు 8 జీబీ స్టిక్‌లు పెట్టాక ఏమేం ఆడొచ్చు. వాలొరెంట్ హాయిగా, దాని కనీస అవసరం ఇంటెల్ హెచ్‌డీ 4000 అనే పాత గ్రాఫిక్స్ దగ్గరే మొదలవుద్ది, దానికి ఇది చాలా ఎక్కువే. విండోస్ 11లో వాలొరెంట్‌కి బయోస్‌లో టీపీఎమ్, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు ఆన్ ఉండాలి, లేకపోతే గేమ్ తెరుచుకోదు, సిస్టమ్ పాడైందని షాపుకి మోసుకెళ్లేవాళ్లు ఉంటారు, బయోస్‌లో రెండు సెట్టింగులు అంతే. జీటీఏ 5 ఫుల్ హెచ్‌డీలో నార్మల్ సెట్టింగ్స్ పెట్టుకుంటే బాగానే ఆడుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్, రాకెట్ లీగ్, డోటా 2, పాత ఫీఫాలు, పాత క్రికెట్ గేమ్‌లు, ఇవన్నీ ఇబ్బంది లేదు. 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 తక్కువ సెట్టింగ్స్‌లో నడుస్తుంది గానీ పొగ బాంబు పేలినప్పుడల్లా ఫ్రేములు జారతాయి. రెడ్ డెడ్ 2 లాంటివి 720పీకి దించి, సెట్టింగ్స్ అన్నీ తక్కువలో పెట్టి, సర్దుకుని ఆడాలి. ఈ 720పీ అంటే మొహం చిట్లిస్తారు గానీ లెక్క చూడండి, 1080పీలో ఒక్కో ఫ్రేముకి సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 720పీలో 9.2 లక్షలు, సగం కన్నా తక్కువ పని. మధ్యలో 900పీ ఉంది, 14.4 లక్షలు, చాలా గేమ్‌లకి అదే సరైన రాజీ. గేమ్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ అనే ఆప్షన్ ఉంటే అది తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపిస్తుంది, వేగా మీద కూడా పని చేస్తుంది, అది ఆన్ చేసి చూడాలి. సైబర్‌పంక్ లాంటి వాటి జోలికి పోకపోవడం మంచిది.

ఫోన్ గేమ్‌లు పీసీలో ఆడదామనుకునే కుర్రాళ్లు చాలామంది, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ బ్లూస్టాక్స్ అనే ఎమ్యులేటర్‌లో వేసి. ఇక్కడ మాత్రం లెక్క కొంచెం మారుద్ది. ఎమ్యులేటర్ అంటే సిస్టమ్ లోపల ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ నడిపినట్టే కాబట్టి కోర్లు, ర్యామ్ సైజు ముఖ్యం, నాలుగు కోర్ల 3200జీ ఇక్కడ ఆయాసపడుద్ది, ఆరు కోర్లవి పర్లేదు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ ఉండాలి, ఏఎండీ బోర్డుల్లో ఎస్‌వీఎమ్ అని ఉంటుంది, చాలా వాటిలో వచ్చేటప్పుడు ఆఫ్‌లోనే ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండగా ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తుంటే ప్రాసెసర్‌ని తిట్టుకుని లాభం లేదు.

డెల్టాలో కొనేవాళ్లకి ఇంకో రెండు విషయాలు లెక్కలోకి వస్తాయి, హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుని చెప్పేవాళ్లకి ఇవి తట్టవు. ఒకటి కరెంటు. చెరువుల ఊళ్లలో సాయంత్రమయ్యేసరికి ఏరేటర్లు, మోటార్లు అన్నీ ఒకేసారి లాగుతుంటే వోల్టేజీ కిందా మీదా అవుతుంది, గాలివానొస్తే కరెంటు పోవడం సరేసరి, తుఫానొస్తే ఇక చెప్పేదేముంది. 5600జీ 65 వాట్ల ప్రాసెసర్, గేమ్ ఆడేటప్పుడు కూడా మానిటర్‌తో కలిపి సిస్టమ్ మొత్తం సుమారు 100 నుంచి 150 వాట్ల మధ్య ఉంటుంది. షాపుల్లో దొరికే మామూలు 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్ల దాకా మోస్తుంది కాబట్టి దీన్ని కొన్ని నిమిషాలు నిలబెడుతుంది, గేమ్ సేవ్ చేసి మూసుకోవడానికి ఆ టైమ్ చాలు. అదే 150 వాట్ల కార్డు ఒకటి తగిలిస్తే ఆ యూపీఎస్ చాలాసార్లు కుయ్‌మని ఆగిపోద్ది. గ్రాఫిక్స్ కార్డు లేకపోవడంలో ఉన్న ఈ లాభం ఎవరూ చెప్పరు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది వద్దు, దాని మీద 450 వాట్లని రాసున్నా నమ్మడానికి లేదు, 80 ప్లస్ ముద్ర ఉన్న చిన్నది ఒకటి విడిగా తీసుకోవాలి, ప్రాసెసర్‌లో మెట్టు దిగి మిగిల్చిన డబ్బులో కొంత ఇక్కడికి పోవాలి.

రెండోది గాలి. రాజోలు, అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ, ఈ తీరం వెంబడి గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ తేమకి ర్యామ్ స్టిక్ కింద బంగారు రంగు కాంటాక్టుల మీద పొర పడుద్ది, ఒకరోజు పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేస్తే డిస్‌ప్లే రాదు. సగం సార్లు ఆ స్టిక్ తీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ గట్టిగా నొక్కి పెడితే వచ్చేస్తుంది. రోజూ కాసేపైనా ఆన్‌లో ఉండే సిస్టమ్‌కి ఈ బాధ తక్కువ, నెలల తరబడి మూలన పెడితే ఎక్కువ. ఎండాకాలం రాజమండ్రి ఎండలకి గదే నలభై దాకా కాగిపోతుంటే బాక్సులో వచ్చిన చిన్న కూలర్ ఫ్యాన్ గోల పెట్టడం సహజం, 5600జీ దానికే ఆగిపోయేదేమీ కాదు, సైడ్ డోర్ తీసి పెట్టుకునే అలవాటు మాత్రం మానుకోవాలి, బల్లులు దూరతాయి. బాక్సు అన్నాం కాబట్టి ఇంకో మాట: చవగ్గా ఇచ్చే ట్రే ప్రాసెసర్‌కి (బాక్సు లేకుండా విడిగా అమ్మేది) కూలరూ ఉండదు, కంపెనీ మూడేళ్ల వారంటీ కూడా ఉండదు, బాక్సుదే తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఒక్క ఫ్రేముల లెక్కే చూస్తే ఐ3-12100ఎఫ్, పాత ఆర్‌ఎక్స్ 570 కార్డు జోడీ ఏ 5600జీనైనా ఓడిస్తుంది, ఆ కార్డు మెమరీకి సెకనుకి 224 జీబీ, ఇక్కడి 51తో పోలికే లేదు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ అనే క్రిప్టో కరెన్సీకి కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక అలాంటి కార్డులు మార్కెట్లోకి బోలెడు వచ్చిపడ్డాయి, సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఏళ్ల తరబడి రాత్రీ పగలూ ఆగకుండా నడిచిన కార్డు, వారంటీ లేదు, మంచి ఎస్‌ఎంపీఎస్ కావాలి, పైన చెప్పిన యూపీఎస్ మోయలేదు. బాగు చేసుకోవడం వచ్చినవాడికి అది లాభం, నాన్న డబ్బుతో కొని ఏడాదిన్నరకి కార్డు పోతే ఇంట్లో మాట పడాల్సినవాడికి కాదు. పాత ప్రాసెసర్లలో 2200జీ, 2400జీ ఓఎల్ఎక్స్‌లో చవగ్గా కనపడతాయి, విండోస్ 11 వాటిని అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, కాబట్టి 3200జీ కన్నా కిందకి దిగడం ఇప్పుడు అర్థం లేని పని. వేగా గ్రాఫిక్స్ మొత్తానికీ కొత్త గేమ్‌ల కోసం డ్రైవర్ అప్‌డేట్లు 2023 చివర్నుంచే బాగా తగ్గించేశారు, పాత గేమ్‌లు ఆడేవాడికి దీంతో నష్టం లేదు, కొత్తగా వచ్చేవి ఆడదామనుకుంటే మాత్రం గుర్తుంచుకోవాలి.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లకీ ఇదే కథ, కాకపోతే అక్కడ తప్పు దిద్దుకోవడం కష్టం. ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అని రాసున్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో ఒకే ర్యామ్ స్టిక్ ఉంటే విండోస్‌లో పేరు కూడా ఐరిస్ అని రాదు, ఉత్త యూహెచ్‌డీ అని చూపిస్తుంది, రెండో స్లాట్‌లో స్టిక్ వేశాకే ఐరిస్ అని మారుద్ది. ఏఎండీలో 7520యూ అన్న నంబర్ చూసి 7000 సిరీస్ కొత్తది అనుకోకూడదు, మూడో అంకె చూడాలి, 2 అంటే జెన్ 2, పాత కోర్లు, గ్రాఫిక్స్ రెండే యూనిట్లు, ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, పెంచుకోవడానికి లేదు. అదే 7530యూలో వేగా 7 ఉంటుంది, నంబర్‌లో తేడా పదే. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్నవి గేమ్‌లకి వద్దు, దానికి ర్యామ్ ఛానలే ఒకటి.

బిల్లు కట్టి సిస్టమ్ ఆటోలో ఎక్కించే ముందు షాపులోనే అయిదు నిమిషాలు కూర్చుని చూసుకోవాల్సినవి ఉన్నాయి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద స్పీడు కనపడుద్ది, 3200 స్టిక్ కొంటే అక్కడ 3200 ఉండాలి, 2400 అని ఉంటే ఎక్స్‌ఎంపీ వేయలేదన్నమాట, అక్కడే వేయించుకోవాలి. దాని పక్కనే ఎన్ని స్లాట్లు వాడారో కూడా ఉంటుంది, రెండు ఉండాలి, కానీ రెండు స్లాట్లని ఉన్నంత మాత్రాన రెండు ఛానళ్లని కాదు, అది టాస్క్ మేనేజర్ చెప్పదు. దానికి సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి మెమరీ ట్యాబ్‌లో ఛానల్ దగ్గర డ్యూయల్ అని గానీ, రెండు 64 బిట్లు అని గానీ ఉందో లేదో చూడాలి, డీడీఆర్5 అయితే ఒక్కో స్టిక్‌ని రెండు 32లుగా లెక్కేసి నాలుగు 32 బిట్లు అని చూపిస్తుంది, అదీ సరైనదే. పాత బీ450 బోర్డు ఇస్తుంటే 5600జీకి సరిపడా బయోస్ అప్‌డేట్ చేసి ఇవ్వడం షాపువాళ్ల పనే, ఇంటికెళ్లాక చేసుకోమంటే ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఆ అప్‌డేట్ లేకుండా ఇంట్లో డిస్‌ప్లేనే రాకపోవచ్చు. సింగిల్ అని చూపిస్తే పేచీ పెట్టుకోవక్కర్లేదు, స్టిక్‌లు తీసి రెండో, నాలుగో స్లాట్లలోకి మార్చమంటే రెండు నిమిషాల్లో అయిపోయే పని.